పంటి సూదికీ గుండె దడకీ ఏం సంబంధం?

(పల్నాడులోని ఒక ఊళ్లో, మిరపకోతల కాలంలో, పొదుపు సంఘం మహిళల ముందు ఒక నర్సమ్మ చేసిన ప్రసంగం)



పొద్దుటినుంచీ మిరపచేలో నడుం వంచి కోసి వచ్చారు. ఇంకా చేతులు మండుతూనే ఉండుంటాయి. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

పోయిన వారం మీలో ఒకామె నన్ను ఒక మాట అడిగింది. ఆమె పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. పళ్ల డాక్టరు నోరు తెరవమనలేదు. ముందుగా, "నీకు గుండె జబ్బేమైనా ఉందా? దడ వస్తుందా?" అని అడిగాడు. ఈమెకు భయమేసింది. "పన్ను నొప్పి అని పోతే గుండె సంగతి అడుగుతాడేంటమ్మా? పన్నుకీ గుండెకీ ఏం సంబంధం?" అంది.

మంచి ప్రశ్న. ఈ రోజు నా మాటలన్నీ దాని గురించే.

పన్ను పీకే ముందు చిగురులో ఒక సూది వేస్తారు. కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది. మూతి వంకరపోయినట్టు ఉంటుంది. పన్ను లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. ఆ మందు పేరు లిగ్నోకెయిన్. జైలోకెయిన్ అని కూడా అంటారు. మీకిది కొత్త మందేమీ కాదు. కాన్పప్పుడు కుట్లు వేసే ముందు వేసేది ఇదే. పత్తి తీసేటప్పుడో, చొప్ప ఎత్తేటప్పుడో తేలు కుడితే, నొప్పి తగ్గడానికి వేలి మొదట్లో వేసేదీ చాలాసార్లు ఇదే.

ఇదే మందును గుండె వార్డులో కూడా వాడతారు. అక్కడ చిగురులో వేయరు, నరంలోకి ఎక్కిస్తారు. గతి తప్పి పరుగెత్తే గుండెను దారికి తేవడానికి వాడతారు. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. అందులో చాలాకాలం గుండె వార్డులోనే. ఈ మందు గుండెను దారికి తేవడం చూశాను. తేలేకపోవడం కూడా చూశాను.

ముందు మీ చేతుల మంట సంగతి చెప్పుకుందాం.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం ఒకటుంది. దాని పేరు క్యాప్సైసిన్. అది నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే ఎన్ని నీళ్లతో కడిగినా మంట పోదు. ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడిగితే కాస్త పోతుంది. ఇది మీకు నేను చెప్పాలా? మీ అత్తమ్మలే చెప్పుంటారు. ఈ క్యాప్సైసిన్ చర్మంలోని సన్నని నరాల మీద ఒక తలుపు తెరుస్తుంది. ఆ తలుపును 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ కనిపెట్టారు. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనం కోసే కాయలోని కారం అంత దూరం వెళ్లింది.

ఆ తలుపు తెరుచుకోగానే నరంలో కబురు బయలుదేరుతుంది. "మంట, మంట" అని మెదడుకు పోతుంది. ఆ కబురు కరెంటు రూపంలో పోతుంది. మన ఒంట్లో కరెంటేంటి అనుకుంటున్నారా? ఉంది. ఆ కరెంటు పుట్టేది ఉప్పుతో.

ఉప్పులో సోడియం ఉంటుంది. మన నెత్తుట్లో కూడా ఉంటుంది. నరం గోడకు కంటికి కనపడనంత చిన్న తూములుంటాయి. సాగర్ కుడి కాలువ మీకు తెలుసు. 1967లో ఆ కాలువకు నీళ్లు వదిలారు. కాలువ మీద తూములుంటాయి. తూము షట్టరు ఎత్తితే నీళ్లు బోదెలోకి దూకుతాయి. షట్టరు దించితే ఆగుతాయి. నరం కూడా అంతే. తూము తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది. దాంతో కరెంటు పుడుతుంది. పక్క తూము తెరుచుకుంటుంది. అలా ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటూ, చేతివేలి నుంచి మెదడు దాకా కబురు పోతుంది. 

లిగ్నోకెయిన్ చేసే పని ఒక్కటే. ఆ సోడియం తూములకు అడ్డం పడుతుంది. తూముకు గోనెసంచి కుక్కినట్టు. ఇక కరెంటు ముందుకు పోదు. పన్ను దగ్గర నొప్పి పుడుతూనే ఉంటుంది, కబురు మాత్రం మెదడుకు చేరదు. కొన్ని గంటల్లో మందు అక్కణ్ణుంచి నెత్తురులో కలిసిపోతుంది. తూములు మళ్లీ తెరుచుకుంటాయి. పెదవి మామూలవుతుంది.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. అందరూ ఎడమచేయి చాపండి. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. తగులుతోందా? తొందరపడకండి, తగులుతుంది. ఇప్పుడు నేను గడియారం చూస్తాను. ఒక నిమిషం లెక్కపెట్టండి.

ఎంతొచ్చింది? డెబ్భై రెండా? ఎనభైయా? ఊరికే కూర్చున్నప్పుడు 60 నుంచి 100 లోపు ఉంటే మంచిదే. నిమిషానికి 72 అనుకుంటే రోజుకు లక్ష దాటుతుంది. లక్షసార్లు కొట్టుకున్నా మనకు గుర్తే ఉండదు. తప్పినప్పుడే గుర్తొస్తుంది.

గుండె నాలుగు గదుల ఇల్లు. పైన రెండు, కింద రెండు. పైగదిలో ఒక మూల కరెంటు పుట్టే చోటు ఉంది. అక్కణ్ణుంచి కరెంటు కిందికి దిగుతుంది. పైగదులు ముడుచుకుంటాయి, తర్వాత కిందిగదులు ముడుచుకుంటాయి. నాట్లు వేసేటప్పుడు అందరి చేతులూ ఒక వరసలో ఆడినట్టు ఆడతాయి. ఇక్కడ కూడా చాలావరకు ఆ సోడియం తూములే పనిచేస్తాయి. నరంలో ఉన్నలాంటివే గుండె కండలోనూ ఉన్నాయి. పన్నుకీ గుండెకీ సంబంధం అదే.

గుండెపోటు వచ్చినవాళ్లకు గుండెలో కొంత భాగం దెబ్బతింటుంది. అక్కడ కండ సగం చచ్చి, సగం బతికి ఉంటుంది. కరెంటు అక్కడికి వచ్చి తిన్నగా పోలేక, ఆ చోటు చుట్టూ సుడి తిరుగుతుంది. వాగులో రాయి చుట్టూ నీళ్లు సుడి తిరిగినట్టు. తిరిగిన ప్రతిసారీ కిందిగది ఒకసారి ముడుచుకుంటుంది. నిమిషానికి నూట యాభై, రెండు వందలు. అంత వేగంలో గది నిండడానికే వ్యవధి ఉండదు. నెత్తురు ఒంటికి చాలదు. కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, మనిషి పడిపోవచ్చు. అది ఇంకా ముదిరితే గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. అప్పుడు నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అలాంటి వేగంలో లిగ్నోకెయిన్ నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుంది? ఇక్కడ ఒక వింత ఉంది. ఈ మందు అన్ని తూములనూ ఒకేలా పట్టుకోదు. మాటిమాటికీ తెరుచుకునే తూముల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. దెబ్బతిన్న కండలోని తూముల్ని ఇంకా ఎక్కువగా పట్టుకుంటుంది. నిదానంగా కొట్టుకునే మంచి కండను అంతగా తాకదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య వదిలేస్తుంది. అందుకే సుడి తిరిగే చోట కరెంటు ఆగిపోయి, సుడి తెగిపోతుంది. పైనుంచి వచ్చే మామూలు కరెంటుకు దారి దొరుకుతుంది.

ఇదంతా ఒక్కరోజులో తెలియలేదు. అంతకుముందు వేరే మందు ఉంది. దాని పేరు ప్రొకెయిన్. 1905లో జర్మనీలో ఐన్‌హార్న్ అనే ఆయన దాన్ని లోకానికి ఇచ్చాడు. పళ్ల డాక్టర్లు దాన్ని ఎన్నో ఏళ్లు వాడారు. 1936లో అమెరికాలో మాట్స్ అనే డాక్టరు ఆ మందును నేరుగా గుండె మీద పూసి చూశాడు. అదిరిపడే గుండె కాస్త నెమ్మదించింది. కానీ ప్రొకెయిన్ నెత్తుట్లో నిలవదు. చూస్తుండగానే విరిగిపోతుంది. అందుకని దాని అణువులో చిన్న మార్పు చేసి, నిలిచే మందు చేశారు. అదే ప్రొకెయినమైడ్. 1950ల మొదట్లో గుండె దడకు వాడకంలోకి వచ్చింది. పంటి మందుకు పుట్టిన బిడ్డ అనుకోండి. అది బాగా పనిచేసింది. కానీ నెలల తరబడి వాడినవాళ్లలో కొందరికి కీళ్లనొప్పులూ జ్వరమూ వచ్చాయి.

లిగ్నోకెయిన్ పుట్టింది స్వీడన్ దేశంలో. అక్కడ బార్లీ గింజల మొక్క మీద పరిశోధన చేస్తుంటే, ఒకాయన తాను తయారుచేసిన పదార్థాన్ని నాలుక మీద పెట్టుకున్నాడు. నాలుక మొద్దుబారింది. ఆ తీగ పట్టుకుని లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు 1943లో లిగ్నోకెయిన్ చేశారు. లుండ్‌క్విస్ట్ తన ఒంటికే సూది పొడుచుకుని పరీక్షించాడు. 1948లో అమ్మకానికి వచ్చింది. 1960ల నుంచి గుండె వార్డుల్లో ఈ సీసా లేని బల్ల ఉండేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి ఒకామెను తెచ్చారు. నలభై దాటిన మనిషి. మిరపకాయల కల్లంలో కూలికి పోయి, తాలుకాయలు ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయింది. మెలకువ ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. చేతి నాడి చేతికి అందడం లేదు. ఈసీజీ తీస్తే గీత పెద్ద పెద్ద రంపపు పళ్లలా పరుగెత్తుతోంది. డాక్టరుగారు లిగ్నోకెయిన్ అన్నారు. నేను సిరంజిలోకి తీశాను. మందు కొద్దిగానే. రెండు శాతం మందు మూడు మిల్లీలీటర్లు. పన్ను పీకడానికి కూడా రెండు మిల్లీలీటర్ల దాకా వేస్తారు. కొలతలో పెద్ద తేడా లేదు. వేసే చోటులో ఉంది తేడా అంతా. చిగురులో వేస్తే అక్కడే ఉండి మెల్లగా కరుగుతుంది. నరంలో వేస్తే క్షణాల్లో గుండెకు చేరుతుంది.

నెమ్మదిగా ఎక్కించాను. నా కళ్లు ఈసీజీ తెర మీద ఉన్నాయి. రంపపు పళ్లు, రంపపు పళ్లు. ఒక్కసారి గీత ఆగినట్టయింది. నా గుండె ఆగింది! మరుక్షణం చిన్న గీత, ఇంకో చిన్న గీత, వరసగా, పొందికగా. ఆమె కళ్లు తెరిచి, "నా కాయల మూట ఎక్కడుంది?" అని అడిగింది. కూలీ డబ్బుకు బదులు కాయలిచ్చారట ఆ రోజు.

ఇంకో మనిషికి ఇదే మందు ఇచ్చాం. గీత మారలేదు. ఛాతీ మీద కరెంటు షాకు ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడుగానీ దారికి రాలేదు. అన్ని దడలకూ ఇది పనిచేయదు. పైగదుల్లో పుట్టే దడకైతే లిగ్నోకెయిన్ దాదాపు పనికిరాదు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి, గుండె కవాటం పాడైన ఆడవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు వచ్చే దడ ఎక్కువగా పైగదులదే. దానికి మందులు వేరు. ఇప్పుడు కిందిగదుల దడకు కూడా చాలాచోట్ల ముందుగా అమియోడరోన్ అనే మందు ఇస్తున్నారు. లిగ్నోకెయిన్ రెండో వరసలో ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది వింటే మీకు డాక్టర్ల మీద కోపం రావచ్చు, కానీ దాచకూడదు. ఒకప్పుడు గుండెపోటు వచ్చిన ప్రతి మనిషికీ ముందుజాగ్రత్తగా లిగ్నోకెయిన్ ఎక్కించేవారు. మేమూ ఎక్కించాం. తర్వాత లెక్కలు తీస్తే, దానివల్ల ఎక్కువమంది బతికినట్టు తేలలేదు. ఆ పద్ధతి మానేశారు.

అంతకన్నా పెద్ద దెబ్బ అమెరికాలో తగిలింది. ఇలాగే సోడియం తూములను మూసే మాత్రలు రెండు ఉండేవి. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో మధ్యమధ్య తప్పుడు దెబ్బలు కనిపిస్తాయి. ఈ మాత్రలు వేస్తే ఆ తప్పుడు దెబ్బలు పోయేవి. ఈసీజీ కాగితం చూడముచ్చటగా ఉండేది. డాక్టర్లకు ఆనందం. కానీ ప్రాణం నిలుస్తోందా? అది చూద్దామని 1498 మందిని రెండు జట్లు చేశారు. 755 మందికి మాత్రలిచ్చారు. 743 మందికి మందు లేని ఉత్త మాత్రలిచ్చారు. చివరికి లెక్క చూస్తే మందు తిన్నవాళ్లలో 63 మంది పోయారు. ఉత్త మాత్ర తిన్నవాళ్లలో 26 మంది పోయారు. 1989లో ఆ మాత్రలు ఆపేశారు. పూర్తి లెక్క 1991లో అచ్చయింది.

ఎందుకలా జరిగింది? లిగ్నోకెయిన్ తూమును పట్టుకుని వెంటనే వదిలేస్తుందని చెప్పాను కదా. ఆ మాత్రలు త్వరగా వదలవు. దెబ్బతిన్న గుండెలో కరెంటు మరీ నెమ్మదించి, కొత్త సుళ్లు పుట్టాయి. ఫ్లెకైనైడ్ ఇప్పటికీ ఉంది. గుండెపోటు రాని, గుండె కండ గట్టిగా ఉన్న కొందరికి అది మేలు చేస్తుంది. కాబట్టి పక్కింటామెకు దడ తగ్గిందని ఆమె మాత్ర మీరు అడిగి వేసుకోవద్దు. మన ఊళ్లలో ఇది చాలా ఉంది. చీర అరువిచ్చినట్టు మాత్రలు అరువిస్తారు.

మా పిన్ని సంగతి చెబుతాను. ఒంగోలు దగ్గర పల్లె. పత్తి తీయడానికి వెళ్లేది. రెండేళ్లు దడ అంటూనే ఉంది. ఒకరు గాలి అన్నారు, ఒకరు దిష్టి అన్నారు. "ఆడవాళ్లకు అట్టాగే ఉంటుందిలే" అన్నారు మా బాబాయి. ఒకసారి టౌనుకు పోయినప్పుడు ఎవరో ఈసీజీ తీయించారు. ఆ కాగితం చూరులో చెక్కింది. దాని మీద ఏం రాసుందో ఆమెకు తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. వానాకాలంలో తడిసి, పొయ్యి రాజేయడానికి పోయింది. 1988లో ఒక మధ్యాహ్నం చేలోనే పడిపోయింది. అప్పటికి 108 బండి లేదు. మన రాష్ట్రంలో అది 2005లో వచ్చింది. ఎద్దుబండి మీద రోడ్డు దాకా తెచ్చారు. అక్కడితో అయిపోయింది. నేను అప్పుడు నర్సు చదువులో ఉన్నాను. ఆ కాగితం మీద ఏముందో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

దడ అనగానే ప్రాణభయం పెట్టుకోకండి. మన ఆడవాళ్లలో నెత్తురు తక్కువైనా దడ వస్తుంది. థైరాయిడ్ వల్ల వస్తుంది. అన్నం లేకుండా టీ మీద టీ తాగినా వస్తుంది. కానీ దడతోపాటు గుండెల్లో నొప్పి, ఆయాసం, చల్లని చెమట, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆగకూడదు. 108కి ఫోన్ చేయండి. మనిషి పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే బండి వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ ఉండాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మందు కొట్టి వచ్చినవాళ్లకు చొంగ కారుతూ, చూపు మసకబారి, గుండె తేడాగా ఉంటే అది పురుగుమందు విషం. దానికి లిగ్నోకెయిన్ కాదు వైద్యం, వేరే ఉంది. డబ్బా మీది పేరు చదివి డాక్టరుకు చెప్పండి. తేలు సంగతి కూడా అంతే. తేలు విషంలో కొన్ని పదార్థాలు సోడియం తూములు త్వరగా మూసుకోకుండా పట్టుకుంటాయి. వేలి సూది నొప్పిని ఆపుతుంది, విషాన్ని ఆపదు. పిల్లవాడికి ఒళ్లంతా చెమటపట్టి, చేతులు చల్లబడితే గుంటూరో ఒంగోలో పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇక పళ్ల డాక్టరు ఎందుకడిగాడో చెప్పి ముగిస్తాను. చిగురులో వేసే మందులో చాలాసార్లు అడ్రినలిన్ కలుపుతారు. దానివల్ల నెత్తురు తక్కువ కారుతుంది, తిమ్మిరి ఎక్కువసేపు ఉంటుంది. కానీ అడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుంది. సూది వేశాక కొందరికి కాసేపు దడ వచ్చేది అందుకే. గుండె జబ్బు ఉందని ముందే చెబితే, కొలత తగ్గించుకుంటాడు, లేదా అడ్రినలిన్ లేనిది వేస్తాడు. మీరు వేసుకునే మాత్రల చీటీ కూడా చూపించండి. సూది తర్వాత నోటి చుట్టూ జిలజిలా, చెవుల్లో హోరు, మాట తడబాటు ఉంటే వెంటనే చెప్పండి. మందు నెత్తుట్లో ఎక్కువైందని గుర్తు. సిగ్గుపడి ఊరుకోకండి.

ఇదిగో, రెండు ఖాళీ సీసాలు తెచ్చాను. కడిగినవే, భయం లేదు. రెండూ ఒకే మందులా ఉన్నాయి. ఒకదాని మీద అడ్రినలిన్ అని ఉంది, ఇంకోదాని మీద లేదు. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి, తెలుగులో పక్కన చీటీ అంటించాను. చేతులు మారుస్తూ చూడండి. అడ్రినలిన్ ఉన్న సీసా ఏదో చదివి, ఎత్తి చూపించండి. వెనక కూర్చున్న పెద్దమ్మా, ముందు మీరు చదవండి.